మీకు తెలుసా? ఫోటో వెనక్కి తిప్పితే ముత్తాత కబుర్లు

గోదావరి జిల్లాల్లో పాత ఆల్బం ఏ ఇంట్లో తెరిచినా అన్నవరం ఫోటో ఒకటి కనబడుతుంది. పెళ్ళయిన కొత్తలో సత్యనారాయణస్వామి వ్రతం చేసుకోవడానికి రత్నగిరి ఎక్కిన జంట. ఆయన కర్రలా నిలబడి ఉంటాడు, ఆవిడ తల కాస్త వంచుకుని ఉంటుంది. ఎవరని అడిగితే ‘‘మీ ముత్తాతగారనుకుంటా’’ అంటారు. ఆ ‘అనుకుంటా’ తీరాలంటే ఫోటోని వెనక్కి తిప్పాలి.

వెనక పెన్సిలుతో ‘ఖర నామ సంవత్సరం, మాఘం’ అని ఉందనుకోండి. అది ఏ ఏడాది? రత్నగిరి మీద స్వామి ప్రతిష్ఠ జరిగిందే ఖర సంవత్సరంలో, శ్రావణ శుద్ధ విదియనాడు. అంటే 1891 ఆగస్టు 6. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ఖర మళ్ళీ 1951లో, 2011లో వచ్చింది. మాఘం ఉగాదికి ముందు నెల కాదు గానీ ఉగాదికి దగ్గర్లోనే వస్తుంది, అప్పటికి ఇంగ్లీషు ఏడాది మారిపోతుంది. కాబట్టి పాత ఫోటో మీద ఖర మాఘం అంటే 1892 అయినా కావాలి, 1952 అయినా కావాలి. ఈ రెండింట్లో ఏదో కాగితమే చెబుతుంది. 1890ల నాటి ఫోటోలు చాలావరకు కోడిగుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం మీద అచ్చయ్యాయి. చుట్టుకుపోకుండా వాటిని దళసరి అట్టకి అతికించేవారు. రంగు గోధుమవన్నెకి తిరిగి ఉంటుంది. అట్ట లేకుండా కాగితమే కాస్త మందంగా, నలుపు తెలుపులు స్పష్టంగా ఉంటే 1952 వైపే మొగ్గవచ్చు.

స్టూడియోవాళ్ళ రబ్బరుస్టాంపు కూడా చిన్న క్యాలెండరే. ఒట్టి ‘గోదావరి జిల్లా’ అని ఉంటే 1925కి ముందుది కావచ్చు. ఆ ఏడాదే తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అనే పేర్లు వచ్చాయి. ‘ఆంధ్ర రాష్ట్రం’ అని ఉంటే 1953కీ 1956కీ మధ్యది కావచ్చు. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతదే, సందేహం లేదు. ‘తాలూకా’ దగ్గర మాత్రం జాగ్రత్త. 1985లో మండలాలు వచ్చాయి గానీ పాత స్టాంపు అరిగేదాకా వాడిన స్టూడియోలు ఉండే ఉంటాయి.

చిన్న చతురస్రపు ఫోటోలా? 1960లు, 70లలో చాలా ఇళ్ళకొచ్చిన ఆగ్ఫా క్లిక్ కెమెరావి కావచ్చు. ఒక రీలుకి పన్నెండే బొమ్మలు.

అట్ట మీద రంగూన్ స్టూడియో పేరుంటే కాస్త ఆగి చూడండి. మనవాళ్ళ నోట రంగూన్ ‘రంగం’ అయింది. కాకినాడ రేవు నుంచి స్టీమరెక్కి రంగం వెళ్ళినవాళ్ళు ఎందరో. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువాళ్ళకి పేరైపోయింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. లక్షలమంది భారతీయులు బర్మా విడిచి బయల్దేరారు. ఎందరో అడవులగుండా అస్సాం వైపు నడిచారు, దారిలో ప్రాణాలు పోయినవారు వేలల్లో ఉన్నారు. అంత దారిలో ఎవరో ఆ ఫోటోని కాపాడి తెచ్చి ఉండవచ్చు. లేదా అంతకుముందే ఉత్తరంలో పెట్టి ఇంటికి పంపి ఉండవచ్చు. రెండింట్లో ఏదో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

పేర్ల దగ్గర మరో చిక్కుంది. తాత పేరు మనవడికి పెట్టుకునే అలవాటు మనది. ఒకే ఇంటిపేరుతో ఒకే పేరువాళ్ళు తరం విడిచి తరంలో ఉంటారు. అందుకే పేరుతోబాటు తండ్రి పేరు కూడా రాసుకోవాలి. ఆడవాళ్ళ విషయంలో జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. వెనక మగవారి పేరు ఉంటుంది, పక్కన ‘భార్యతో’ అని ఒక్క మాట. ఆమె పేరేమిటి? పుట్టిల్లు ఏ ఊరు? పుట్టింటి ఇంటిపేరేమిటి? ఇవి తెలియకపోతే వంశవృక్షంలో సగం కొమ్మలు లేనట్టే.

ఇక భద్రం మాట. జిగురు పూసిన పేజీలమీద ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బంలు పాత ఫోటోలకి పనికిరావు, జిగురు పట్టేసి వాటిని పాడుచేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. వెనక బాల్‌పెన్నుతో రాస్తే గీత ముందువైపుకి తేలుతుంది, మెత్తటి పెన్సిలే మంచిది. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు తుపాను చూసిన సీమ ఇది. నలుపు తెలుపు ఫోటోలు తడిసి ఒకదానికొకటి అంటుకుంటే ఎండాక పీకకండి. తడిగా ఉండగానే శుభ్రమైన చల్లటి నీళ్ళలో ఉంచి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడన ఆరబెట్టండి.

ఈ కార్తీకంలో వ్రతానికి చుట్టాలంతా అన్నవరంలో కలిస్తే ఆల్బం కూడా పట్టుకెళ్ళండి. ఎనభై దాటిన పెద్దమ్మలు, అత్తయ్యల పక్కన కూచుని ఒక్కో మొహం చూపించి పేరడగండి. చెప్పింది చెప్పినట్టు అప్పటికప్పుడే పెన్సిలుతో రాసిపెట్టండి. ముందు ఆడవాళ్ళ పేర్లు అడగండి.