కారు షెడ్డు సర్దేముందు: ఏది మండుతుంది, ఏది ఆవిరవుతుంది?

కోల్‌కతాకు నైరుతి దిక్కున, హుగ్లీ నది తూర్పు ఒడ్డున బడ్జ్ బడ్జ్ అనే పట్టణం ఉంది. జూట్ మిల్లులకు, చమురు ట్యాంకులకు పేరున్న ఊరు. 1886లో కలకత్తా రేవు పెట్రోలియం దింపుకునేందుకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక ఘాట్ కట్టింది. అప్పట్లో కిరోసిన్ డబ్బాలు చెక్కపెట్టెల్లో సర్దుకుని సముద్రం దాటి వచ్చేవి. జనపనార బేళ్లు, పత్తి, చెక్క, టీ పెట్టెలు నిండిన నగరపు రేవులో వాటిని దింపితే ఒక్క లాంతరు చాలు, మొత్తం బూడిదవడానికి. అందుకే మండే సరుకును నగరానికి దూరంగా, నదికి దిగువన దించారు. నేటికీ కోల్‌కతా ప్రాంతపు ఇంధన నిల్వల్లో పెద్ద భాగం అక్కడి ట్యాంకుల్లోనే ఉంటుంది.

రేవు అధికారులు అలా సర్దిన సరుకు చిన్న మోతాదులో మన ఇళ్లలోనూ ఉంది. కారు షెడ్డులో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మెట్ల కింద గూటిలో సీసాల్లో, డబ్బాల్లో దాక్కుని ఉంటుంది. షెడ్డు సర్దాలనుకోగానే మనం అట్టపెట్టెలు, పాత సైకిలు, విరిగిన కుర్చీ వైపు చూస్తాం. అవి స్థలాన్ని తింటాయి, అంతే. సగం సీసాలో మిగిలిన థిన్నర్ స్థలం తినదు కాబట్టి మూలన పడి ఉంటుంది. సర్దడం దానితోనే మొదలుపెట్టాలి.

ఏది ఎంత ప్రమాదమో చెప్పే కొలత ఒకటుంది. ద్రవాన్ని నెమ్మదిగా వేడిచేస్తూ పైన చిన్న మంట చూపిస్తే, ఏ ఉష్ణోగ్రత దగ్గర దాని ఆవిరి తొలిసారి భగ్గుమంటుందో అదే దాని ఫ్లాష్ పాయింట్. దీన్ని మూత ఉన్న పాత్రలో కొలిచే పరికరాన్ని బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఏబెల్ రూపొందించారు. 1879లో బ్రిటన్ చట్టం ఆ పరీక్షను స్వీకరించి 73 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గీత గీసింది. అంటే సుమారు 23 డిగ్రీల సెల్సియస్. మన దేశపు 1934 పెట్రోలియం చట్టంలోనూ గీత అక్కడే ఉంది. 23 డిగ్రీల లోపు ఫ్లాష్ పాయింట్ ఉన్నవి ‘ఏ’ తరగతి, 23 నుంచి 65 లోపు ‘బీ’, 65 నుంచి 93 లోపు ‘సీ’. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉంటుంది. అంటే మన వాతావరణంలో అది ఎప్పుడూ సిద్ధమే. కిరోసిన్‌కు భారతీయ ప్రమాణం ప్రకారం కనీసం 35 డిగ్రీలు ఉండాలి.

చదవడానికి 35 అంటే భరోసాగానే ఉంటుంది. కానీ మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఒక థర్మామీటరు పెట్టి చూడండి. విజయవాడలోనైనా, బడ్జ్ బడ్జ్‌లోనైనా 35 దాటడం పెద్ద విశేషమేమీ కాదు. అంటే చలికాలంలో బుద్ధిగా ఉండే కిరోసిన్, ఎండాకాలం షెడ్డులో పెట్రోలు స్వభావానికి దగ్గరవుతుంది. డబ్బా అదే, చోటూ అదే. మారింది ఉష్ణోగ్రత ఒక్కటే.

మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేవదు, నేలమీద నీళ్లలా పాకుతుంది. గాలిలో అది దాదాపు 1.4 శాతం చేరితే చాలు, నిప్పు అంటుకుంటుంది. చిన్న లెక్క వేద్దాం. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల పెట్రోలు ఒలికి పూర్తిగా ఆవిరైతే సుమారు 36 లీటర్ల ఆవిరి వస్తుంది. 1.4 శాతం పాళ్లలో కలిస్తే అది 2,600 లీటర్ల గాలిని మండేలా చేయగలదు. మూడు మీటర్ల వెడల్పు, ఐదున్నర మీటర్ల పొడవు ఉన్న షెడ్డులో తలుపులు మూసి, గాలి కదలకుండా ఉంటే నేలమీద 15 సెంటీమీటర్ల మందాన పరుచుకునే పొర అది. ఇక ఆ ఎత్తులో ఏముంటాయో చూడండి: నేలమీద పడేసిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, నీళ్ల మోటారు, పాత ఫ్రిజ్ కంప్రెసరు.

2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ చేశారు. అక్కడే కారు మరమ్మతు జరుగుతుండగా నిప్పురవ్వలు పడి మంటలు లేచాయని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. పై అంతస్తుల్లో ఉన్నవారిలో కనీసం తొమ్మిది మంది చనిపోయారు. డ్రమ్ములకు, నిప్పురవ్వకు, నిద్రపోయే గదులకు మధ్య ఉన్నది ఒకే మెట్లదారి. పొగ పైకి పోయేదీ, మనుషులు కిందికి రావలసిందీ అదే దారి. సెల్లార్ సర్దడమంటే అందం కోసమో, కారు పట్టడం కోసమో కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

బడ్జ్ బడ్జ్ లాంటి చమురు డిపోల్లో ట్యాంకుల చుట్టూ మట్టి లేదా కాంక్రీటు కట్టలుంటాయి. ట్యాంకు చీలినా చమురు అక్కడే ఆగుతుంది. ట్యాంకులకు ఎండను తిప్పికొట్టే తెల్ల లేదా వెండి రంగు వేస్తారు. పెట్రోలు ట్యాంకుల్లో చాలావాటికి లోపలి కప్పు ద్రవం మీద తేలుతుంది. ద్రవానికి, కప్పుకు నడుమ ఆవిరి చేరే ఖాళీ లేకుండా చేయడం దాని పని. ఇంట్లో తేలే కప్పు పెట్టలేం గానీ సూత్రం మాత్రం పనికొస్తుంది. నిండు డబ్బా కంటే అడుగున కొద్దిగా మిగిలిన డబ్బా ప్రమాదకరం, ఎందుకంటే లోపల గాలి, ఆవిరి కలవడానికి చోటు ఎక్కువ. కట్ట స్థానంలో లోతైన ఇనుప పళ్లెం. నీడ, దూరం మామూలే.

‘లైసెన్సు లేకుండా ఎంత పెట్టుకోవచ్చు?’ అని చాలామంది అడుగుతారు. అమ్మకానికి కాకపోతే ‘ఏ’ తరగతి 30 లీటర్ల వరకు చట్టం అనుమతిస్తుంది. గాజు లేదా పింగాణీ పాత్ర అయితే ఒక లీటరు, లోహపుది అయితే 25 లీటర్లు మించరాదు, మూత గట్టిగా ఉండాలి. నీళ్ల సీసాలో పెట్రోలు పట్టుకొచ్చే అలవాటుకు ఈ వాక్యంలో ఎక్కడా చోటు లేదు. ఒక మాట, చట్టం చెప్పిన 30 లీటర్లు నేరం కాని హద్దు మాత్రమే. బండిలో పోసేయగలిగితే ఇంట్లో ఉండవలసిన పెట్రోలు సున్నా లీటర్లు.

అన్ని ఆవిర్లూ నేలబారున ఉండవు. ఇన్వర్టర్‌కు వాడే లెడ్-యాసిడ్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. అది అన్నిటికంటే తేలిక వాయువు, నేరుగా కప్పు కిందికి చేరుతుంది. 4 శాతం చేరితే మండుతుంది. కాబట్టి షెడ్డుకు గాలి దారి కింద ఒకటి, పైన ఒకటి ఉండాలి. పైన కిటికీ ఒక్కటే ఉంటే పెట్రోలు ఆవిరి కదలదు. కింద జాలీ ఒక్కటే ఉంటే హైడ్రోజన్ నిలిచిపోతుంది.

లిథియం-అయాన్ బ్యాటరీ సంగతి వేరు. ఒక కణం వేడెక్కి చెడితే పక్క కణాన్ని కూడా వేడెక్కిస్తుంది. చాలా రకాల్లో లోపలి పదార్థమే కొంత ఆక్సిజన్ విడుదల చేస్తుంది కాబట్టి దుప్పటి కప్పినంత మాత్రాన మంట ఆరదు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో లేచిన మంటల పొగ పైనున్న హోటల్ గదులను ముంచెత్తి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. స్కూటరును మెట్ల మొదట్లో చార్జింగ్ పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని అటక ఎక్కించకండి.

తనంత తానే మండేవి కూడా ఉంటాయంటే నమ్మశక్యం కాదు. చెక్కకు పూసే అవిసె నూనె ఆరడమంటే నీరులా ఆవిరవడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం. ఆ చర్యలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డను పరిచి ఆరేస్తే వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టి మూలన పడేస్తే లోపలే పోగై కొన్ని గంటల్లో గుడ్డ రాజుకోవచ్చు. ఓడ సరుకుల అంతర్జాతీయ జాబితాలో నూనె అంటిన పత్తి వ్యర్థాలకు, తడి పత్తికి విడివిడిగా ప్రమాద సంఖ్యలున్నాయి. నారతో, నూనెతో రోజూ పనిచేసే హుగ్లీ తీరపు జూట్ మిల్లులకు ఇది కొత్త పాఠం కాదు. గుడ్డలను తీగమీద ఆరేయండి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచండి.

ఇక పక్కపక్కన పెట్టకూడనివి. బ్లీచింగ్ పౌడరు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఒకే అరలో పైనా కిందా పెడితే పై సీసా కారిన రోజు ఆ ప్రయోగం దానంతటదే జరుగుతుంది. యాసిడ్‌ను కింది అరలో పళ్లెంలో, బ్లీచింగ్ పౌడరును వేరే చోట పొడిగా ఉంచాలి. పురుగుమందుల్ని తాళం ఉన్న చోట, అసలు డబ్బాలోనే.

పని మొదలుపెట్టేటప్పుడు పగలు, తలుపులన్నీ తీసి, స్విచ్చులు ముట్టుకోకుండా ద్రవాలను ముందు బయటికి తీయండి. లేబుల్ లేనిది, వాసన చూసి పోల్చుకుందామనిపించేది నేరుగా పారేసే జాబితాలోకి. పారేయడమంటే కాలువలో పోయడం కాదు. 2016 ఘన వ్యర్థాల నియమాలు పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లను ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా వేరుచేసి మునిసిపాలిటీ సేకరణకు ఇవ్వమన్నాయి. బ్యాటరీలను అమ్మిన దుకాణం కూడా తీసుకోవచ్చు, అడగండి.

ఇవన్నీ బయటికి వెళ్లాకే అట్టపెట్టెల సంగతి. వానాకాలపు తేమను అట్ట పీల్చుకుంటుంది, బూజు పడుతుంది, చెదలకు మేతవుతుంది. అందుకే నేలకు జానెడు ఎత్తున ఇనుప అర మేలు. పాత టైర్లుంటే ఇచ్చేయండి. ఉంచాలనుకుంటే వాన తగలని చోట పెట్టండి. టైరు అంచున నిలిచిన నీటిలో డెంగ్యూ దోమ వారం పది రోజుల్లో పెద్దదవుతుంది. నీరు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికుంటాయి కాబట్టి, టైరును ఒంపేయడంతో సరిపెట్టకుండా లోపలి అంచును బ్రష్‌తో రుద్ది కడగాలి.