గర్భిణులకు వచ్చు రక్తపుపోటు

మన బోరంచలో నెలలు నిండిన గర్భిణికి కాళ్లు వాచినచో, నీరు దిగినదనియు కాన్పుతో పోవుననియు పెద్దలందురు. పలుమారు ఆ మాట నిజమే. కాని ఉదయము లేచునప్పటికే ముఖ ముబ్బి, చేతి గాజులు బిగిసినచో ఊరకుండరాదు.

ఈ వ్యాధి మొదట నొప్పి కలిగింపదు. ఆమె పొలమునకు పోవును, రొట్టెలు చేయును. మాయకు రక్తము తెచ్చు నాళములు తొలి నెలలలో చాలినంత విశాలము కాకపోవుటచే, మాయనుండి కొన్ని పదార్థములు తల్లి రక్తమున గలిసి నాళముల లోపొరను చెఱచును. పోటు హెచ్చును, మూత్రపిండములు, కాలేయము, మెదడు చెడును. కొలిచినగాని యిది తెలియదు. చేతికి పట్టీ చుట్టి కొలుచు సాధనమును 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచీ కల్పించెను. ఐదవ నెల పిమ్మట పై అంకె 140 గాని క్రింది అంకె 90 గాని చేరినచో వైద్యునికి చూపవలెను. 160 గాని 110 గాని యైనచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను. మూత్రపరీక్షయు వలయును.

విద్యార్థులారా, ఈ గుర్తులను మీ తల్లులకు చదివి వినిపింపుడు: విడువని తలనొప్పి, కన్నులు మసకబారుట, రొమ్ముక్రింద కుడిప్రక్క నొప్పి, శిశువు కదలిక తగ్గుట.

అటుపై వచ్చునది గుఱ్ఱపువాతము. గాలి సోకినదని భూతవైద్యుని పిలుచుటలో ప్రాణము దక్కు గడియలు గడచిపోవును. ఆమెను ఎడమప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోట చెంచాగాని నీరుగాని పెట్టక, 108 వాహనమును పిలువవలెను. దీనికి మందు మెగ్నీషియం సల్ఫేటు సూది. పదివేలకు పైబడిన స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో, ఈ మందు మూర్ఛభయమును సగమునకు తగ్గించెనని తేలినది. అంగడిలోని భేదియుప్పును అదియే గదా యని యింట త్రాగింపరాదు. కూరలో ఉప్పు మాన్పించి చప్పిడి పెట్టుటచేతను ఇది ఆగదు. తొలిచూలు, కవలలు, పూర్వ మీ వ్యాధి వచ్చుట యనునవి గలవారు మూడవ నెలలోనే వైద్యునితో చెప్పవలెను; తగినవారికి ఆయన ఆస్పిరిన్ స్వల్పముగా నిచ్చును.

కాన్పుతో వ్యాధి కుదురుట మొదలగును గాని వెంటనే పోదు. బిడ్డ పుట్టిన పిమ్మటను మూర్ఛ రావచ్చును గనుక, బాలింతకును పోటు కొలిపింపవలెను. మన ఆడపడుచులు పురిటికి పుట్టింటికి, కొందఱు బీదరు వైపునకు పోవుదురు. అంకెలు వ్రాసిన కార్డు అత్తవారింటి గూటిలోనే మిగిలిపోవుచున్నది. చీరెల మూటలో ముందుగా దానిని పెట్టుడు.