పెన్సిల్‌ బాక్సులో ఓ నేస్తం

బడిలో తోటిపిల్లల చేతిలో నలిగిపోయే పసిమనసులు... వాటికి ఆసరాగా నిలిచే స్నేహాలు. జపాన్‌ నవలలు పదేపదే చెబుతున్న కథ ఇది.

పద్నాలుగేళ్ల కుర్రాడు. ఓ కంటికి మెల్ల. ఆ ఒక్క కారణం చాలు... క్లాసులో ఓ ముఠా రోజూ అతణ్ని కొడుతుంది, అవమానిస్తుంది. ముఠా నాయకుడు నినోమియా చదువులో ముందుంటాడు, ఆటల్లోనూ ముందుంటాడు. మిగతావాళ్లు చూసీ చూడనట్లు ఊరుకుంటారు. ఓరోజు పెన్సిల్‌ బాక్సులో ఓ చీటీ కనిపిస్తుంది. స్నేహం చేద్దామంటూ ఎవరో రాశారు. ఇదీ ఏడిపించడానికేనేమో అని భయపడతాడు. కాదు... రాసింది అదే క్లాసులోని కొజిమా. మురికిగా ఉంటుందని ఆమెనూ అమ్మాయిలంతా వేధిస్తుంటారు.

మియెకో కవాకామి 2009లో రాసిన ‘హెవెన్‌’ నవల ఇలా మొదలవుతుంది. దీని ఆంగ్లానువాదం 2022లో ఇంటర్నేషనల్‌ బుకర్‌ తుది జాబితాకెక్కింది.

కొజిమా మురికిగా ఉండటానికీ ఓ కారణముంది. తల్లి నుంచి విడిపోయి పేదరికంలో బతుకుతున్న తండ్రిని మరిచిపోకుండా ఉండేందుకు ఆమె పెట్టుకున్న గుర్తు అది. స్నేహితుడి మెల్లకన్నూ ఆమెకు అలాంటి గుర్తే. అసలు చిక్కు అక్కడే వస్తుంది. 15 వేల యెన్లతో ఆపరేషన్‌ చేయించుకుంటే కన్ను బాగవుతుందని డాక్టరు చెబుతాడు. ఆ మాట వినగానే కొజిమా ముఖం మాడిపోతుంది. తన గాయాన్ని పంచుకున్న నేస్తం, ఆ గాయం మానకూడదని కోరుకుంటే ఏం చేయాలి? చాలా కథలు దాటేసే ప్రశ్నను కవాకామి సూటిగా అడుగుతుంది.

వెళ్లడానికి చోటేదీ?

తోటివాళ్లను ఏడిపించడాన్ని, వెలివేయడాన్ని జపనీయులు ‘ఇజిమే’ అంటారు. అక్కడి పిల్లలు ఏడాదంతా ఒకే బృందంగా ఉంటారు. చదువే కాదు... చాలాచోట్ల మధ్యాహ్న భోజనం, గది ఊడ్చుకోవడం కూడా కలిసే. ఆ బృందం దూరం పెడితే ఇక దిక్కుండదు. 2011లో ఒత్సు నగరంలో వేధింపులకు గురైన 13 ఏళ్ల విద్యార్థి ప్రాణం తీసుకోవడంతో దేశం ఉలిక్కిపడింది. 2013లో ఇజిమే నిరోధానికి ప్రత్యేక చట్టమే తెచ్చారు. అయినా సమస్య తీరలేదు.

ఏడిపించినవాడే...

యోషితోకి ఓయిమా బొమ్మల నవల ‘ఎ సైలెంట్‌ వాయిస్‌’ కథను అటువైపు నుంచి చెబుతుంది. వినికిడి లోపమున్న షోకో అనే అమ్మాయిని ఆరో తరగతి కుర్రాడు షోయా ఆటపట్టిస్తాడు. చెవిలోని వినికిడి పరికరాన్ని లాగి పారేస్తాడు. విషయం బయటపడగానే నిన్నటిదాకా నవ్విన స్నేహితులూ, పట్టించుకోని మాస్టారూ నేరమంతా అతడి మీదికే నెట్టేస్తారు. మర్నాటి నుంచి వెలి అతడికే! హైస్కూలుకొచ్చాక షోయా సైగల భాష నేర్చుకుని, ఆమెను వెతుక్కుంటూ వెళ్తాడు. క్షమాపణ ఒక్క మాటతో అయిపోయేది కాదని ఏడు సంపుటాల్లో అర్థమవుతుంది. 2016లో ఇది యానిమేషన్‌ సినిమాగానూ వచ్చింది.

అద్దంలోని కోట

మిజుకి త్సుజిమురా 2017లో రాసిన ‘లోన్లీ క్యాజిల్‌ ఇన్‌ ద మిర్రర్‌’ నవలలో కొకొరో అనే అమ్మాయి బడి మానేస్తుంది. తోటి అమ్మాయిలు గుంపుగా ఇంటిమీదికొచ్చి తలుపులు బాదిన సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోతుంది. ఓరోజు గదిలోని అద్దం మెరుస్తుంది. లోపల ఓ కోట, తనలాంటివాళ్లే మరో ఆరుగురు! సాయంత్రం అయిదు దాటాక అక్కడుంటే తోడేలు మింగేస్తుంది. బడికెందుకు వెళ్లడం లేదని చాలాకాలం ఒకరినొకరు అడగరు. అలా అడగకపోవడమే వాళ్ల స్నేహానికి పునాది. పుస్తక దుకాణాల సిబ్బంది ఓట్లతో ఇచ్చే ‘హోన్యా తైషో’ పురస్కారం 2018లో ఈ నవలకే దక్కింది.

ఈ కథకు అంత ఆదరణ ఎందుకో ఓ లెక్క చూస్తే తెలుస్తుంది. 2023-24లో జపాన్‌లో జబ్బు, డబ్బు ఇబ్బందులు కాక ఇతర కారణాలతో 30 రోజులు, అంతకుమించి బడికి దూరమైన ప్రాథమిక, మాధ్యమిక విద్యార్థులు 3.46 లక్షల మంది. అందరి వెనకా వేధింపులే లేకపోవచ్చు. కానీ పొద్దున్నే బడి అనగానే బెంబేలెత్తే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారన్నమాట.

కొకొరో రోజూ కడుపునొప్పి అంటుంది. తల్లి మొదట విసుక్కుంటుంది. కానీ ఆ నొప్పి నిజమే... బడి మానేసిన పిల్లల కోసం నడిపే ఓ కేంద్రంలోని టీచరుకు ముందుగా ఆ సంగతి అర్థమవుతుంది. ఆ తర్వాతే తల్లి నెమ్మదిగా అడుగుతుంది, కూతురు నోరు విప్పుతుంది. బడి నుంచి వచ్చిన క్లాస్‌ టీచర్‌ ఎదుట ఆ తల్లి కూతురి పక్షానే నిలబడుతుంది. అద్దంలో కోట కల్పనే కావచ్చు. తల్లి అడిగిన ఆ ప్రశ్న మాత్రం ఏ ఇంట్లోనైనా అడగగలిగేదే.