రాత్రిని అప్పగిస్తేనే వేకువ మనది!

కొన్నేళ్ల క్రితం లెంట్ రోజుల్లో హైదరాబాద్‌లోని మా చర్చిలో తెల్లవారుజామున 5 గంటలకు ప్రార్థన పెట్టుకున్నాం. ఒక యువకుడు రోజూ 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడు. చివరి వరుసలో గోడకు ఆనుకొని కూర్చునేవాడు. వాక్యం మొదలయ్యేసరికి తల వాలిపోయేది. నాలుగు రోజులు చూశాను. అయిదో రోజు ఊరుకోలేకపోయాను. సోమరిని చీమల దగ్గర బుద్ధి నేర్చుకోమన్న సామెతల గ్రంథం ఆరో అధ్యాయం తీసి, పేరెత్తకుండానే అతన్ని ఉతికి ఆరేశాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మరునాటి నుంచి అతను రాలేదు. ‘మంచి వాక్యం చెప్పారయ్యగారూ’ అని పెద్దలు మెచ్చుకున్నారు కూడా!

వారం తర్వాత అతని తల్లి వచ్చింది. ‘అయ్యగారూ, మావాడిది రాత్రి డ్యూటీ అండీ. అమెరికా వాళ్ల ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం. తెల్లవారుజామున కంపెనీ బండి దించగానే మొహం కడుక్కొని నేరుగా చర్చికి వచ్చేవాడు. ముందు పడుకోరా అంటే, ప్రార్థన చేసుకొని పడుకుంటానమ్మా అనేవాడు’ అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది! మేమంతా నిద్ర ముగించుకొని ప్రార్థనకు వచ్చినవాళ్లం. నిద్ర మానుకొని వచ్చినవాడు అతనొక్కడే. అతన్నే నేను సోమరి అన్నాను.

త్రోయలో ఒక రాత్రి పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు గాఢనిద్రలో మూడో అంతస్తు నుంచి కిందపడి చనిపోయాడు. పౌలు అతన్ని నిందించలేదు. కిందికి దిగివెళ్లి కౌగిలించుకున్నాడు. దేవుడు అతనికి ప్రాణమిచ్చాడు (అపొ.కా. 20:7–12). పౌలు మేడ దిగాడు. నేను వేదిక కూడా దిగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు నిద్ర గురించి ఒకరిని తప్పుపట్టే అర్హత నాకెక్కడిది? సెమినరీలో మొదటి సంవత్సరం ఉదయం అయిదున్నరకు గంట కొట్టేవారు. నాకు వినబడేది కాదు. అలారం గడియారాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి మోగించుకున్నాను. దాన్ని నిద్రలోనే నొక్కేసి మళ్లీ పడుకునేవాణ్ని. కన్నీళ్లతో తీర్మానం చేసుకోవడం, మూడో రోజుకే ఓడిపోవడం అలవాటైపోయింది. చివరికి ఒక వృద్ధ ఉపాధ్యాయుడు నన్ను పిలిచారు. ‘ఎందుకు లేవలేకపోతున్నావు?’ అని గద్దిస్తారనుకున్నాను. ఆయన మెల్లగా, ‘రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు బాబూ?’ అన్నారు. కబుర్లు, క్యారమ్స్, ఆపైన పుస్తకాలు... ‘ఒంటిగంట అవుతుందండీ’ అన్నాను. ఆయన నవ్వి, ‘అయితే నీ సమస్య ఉదయంలో లేదు. ఆదికాండం మొదటి అధ్యాయం మళ్లీ చదువు. దేవుని లెక్కలో రోజు ఎప్పుడు మొదలవుతుందో చూడు’ అన్నారు.

వెళ్లి చదివాను. ఎన్నోసార్లు చదివిన మాటే. సృష్టిలో ప్రతి రోజునూ లెక్కించేటప్పుడు ముందు అస్తమయం, తర్వాతే ఉదయం (ఆది 1:5). యూదుల విశ్రాంతి దినం ఈనాటికీ శుక్రవారం సాయంత్రమే మొదలవుతుంది. మనం రోజును అలారంతో మొదలుపెట్టి, అలసిపోయి నిద్రతో ముగిస్తాం. బైబిలు మాత్రం రోజును విశ్రాంతితో మొదలుపెడుతుంది. మనం పడుకున్నాక దేవుడు పని ఆపడు. ఆదాము గాఢనిద్రలో ఉన్నప్పుడే ఆయన హవ్వను నిర్మించాడు (ఆది 2:21, 22). విత్తినవాడు నిద్రపోతూ లేస్తూ ఉండగా, ఎలాగో అతనికే తెలియకుండా విత్తనం మొలిచి పెరుగుతుందని యేసుప్రభువు చెప్పాడు (మార్కు 4:26, 27). ఉదయం మనం లేచేది దేవుడు అప్పటికే మొదలుపెట్టిన పనిలో చేరడానికే!

అందుకే వేళకు పడుకోవడం కూడా విశ్వాసమే. ‘ప్రభువా, ఈ రోజు నా చేతనైనంత చేశాను. మిగిలింది నీ చేతిలో పెడుతున్నాను’ అని ఒప్పుకోవడమే నిద్ర. ఆ అప్పగింత మనకు కష్టం. పెందలాడే లేచి, పొద్దుపోయేదాకా మేలుకొని, కష్టార్జితం తింటూ చేసే ఆరాటమంతా వ్యర్థమనీ, దేవుడు తనకు ప్రియమైనవారికి నిద్రనిస్తాడనీ 127వ కీర్తన చెబుతోంది. తెల్లవారుజామున లేవడమే గొప్ప భక్తి అనుకునే మనలాంటి వాళ్లం ఆ రెండో వచనం దగ్గర కాసేపు ఆగాలి.

మరి మన రాత్రులెలా ఉన్నాయి? పది గంటలకు ‘ఒక్కసారి ఫోన్ చూసి పడుకుందాం’ అంటాం. ఒక వీడియో తర్వాత ఇంకొకటి... కళ్లు మండేసరికి పన్నెండున్నర! దేవుడు మన శరీరంలోనే ఒక గడియారాన్ని అమర్చాడు. అది ఎలా నడుస్తుందో కనుగొన్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. వెలుతురును బట్టి ఆ గడియారం తన వేళలు సరిచేసుకుంటుంది. అర్ధరాత్రి ఫోన్ వెలుగు కళ్లలో పడితే ఇంకా పొద్దుపోలేదని అది పొరబడుతుంది. ఉదయం ఎండ తగిలితే రోజు మొదలైందని తెలుసుకుంటుంది. యవ్వనంలో ఆ గడియారం సహజంగానే కాస్త ఆలస్యంగా నడుస్తుంది. పదో తరగతి పిల్లవాడు ‘అయిదు నిమిషాలమ్మా’ అని దుప్పటి లాక్కున్న ప్రతిసారీ అది తిరుగుబాటు కాదు. తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

వేకువనే లేచేవారిలో జాన్ వెస్లీని క్రైస్తవలోకం ఎప్పుడూ గుర్తు చేసుకుంటుంది. తనకెలా అలవాటైందో 1782 నాటి ఒక ప్రసంగంలో ఆయనే చెప్పాడు. ఆయనకు రోజూ అర్ధరాత్రి మెలకువ వచ్చేది. అవసరానికి మించి పడుకుంటున్నానేమోనని ఒక అలారం తెచ్చుకున్నాడు. మొదటి ఉదయం ఏడింటికి, రెండోనాడు ఆరింటికి, మూడోనాడు అయిదింటికి, నాలుగోనాడు నాలుగింటికి లేచాడు. ఆ తర్వాత రాత్రి మెలకువ రావడం ఆగిపోయింది. నాలుగింటికి లేవడం ఆయనకు జీవితాంతపు అలవాటైంది. చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. అదే ప్రసంగంలో ఆయన ఇంకో మాట చెప్పాడు. త్వరగా లేవాలనుకునేవాడు సరైన కొస నుంచి మొదలుపెట్టాలట, అంటే త్వరగా పడుకోవాలి! రోజూ ఒకే వేళకు పక్క ఎక్కాలన్నాడు. ఆయన నాలుగు గంటలు అందరికీ కొలత కాదు. పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర కావాలని నేటి వైద్యులంటున్నారు. కానీ ఆయన చెప్పిన కొస మాత్రం మనందరికీ వర్తిస్తుంది.

కాబట్టి ఉదయం మీద కాదు, రాత్రి మీద తీర్మానం చేసుకుందాం. పడుకునే వేళను నాలుగు రోజులకోసారి పావుగంట ముందుకు జరుపుదాం. ఫోన్‌ను మంచం పక్కన కాకుండా హాల్లో చార్జింగ్ పెడదాం. కుటుంబ ప్రార్థనను అందరూ ఆవలించే వేళకు కాక, భోజనం కాగానే చేసుకుందాం. లేవగానే కిటికీ తెరుద్దాం. ఇంకో మాట... ఇంట్లో అందరినీ లేపే ఇల్లాలిని ఎవరు పడుకోనిస్తున్నారు? అందరూ తిన్నాక గిన్నెలు కడిగి, రేపటి పప్పు నానబెట్టి, పదకొండున్నరకు నడుం వాల్చి, నాలుగున్నరకు లేచే తల్లి ఎన్ని ఇళ్లలో లేదు? ఆమె ప్రార్థనలో కునికితే తప్పు ఆమెది కాదు. ఆ గిన్నెలు కడగని మనది!

ఎంత పడుకున్నా అలసట తీరకపోయినా, పెద్దగా గురకపెడుతూ పగలంతా తూగుతున్నా, ఉదయాన్ని తలచుకుంటేనే భయం, దిగులు కమ్ముకుంటున్నా డాక్టరును కలవాలి. అది విశ్వాసలోపం కాదు. బ్రతుకు మీద విసిగి చెట్టుకింద పడుకున్న ఏలీయాను దేవదూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని అతను మళ్లీ పడుకున్నా ఏమీ అనలేదు. రెండోసారి లేపి తినమన్నప్పుడే ప్రయాణం సంగతి చెప్పాడు (1రాజులు 19:4–8). లేపడంలో దేవునిది ఎంత మృదువైన చెయ్యి!

యేసుప్రభువు చీకటుండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించాడు (మార్కు 1:35). ఆయనే తుపానులో, దోనె అమరంలో తలగడ మీద నిద్రపోయాడు కూడా (మార్కు 4:38). తండ్రిని నమ్మాడు గనుక నిద్రపోగలిగాడు. తండ్రిని ప్రేమించాడు గనుక లేవగలిగాడు. రెంటికీ మూలం ఒక్కటే. దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందని యిర్మీయా రాసింది శిథిలమైన యెరూషలేము మధ్య (విలాప. 3:22, 23). నిన్న అలారం ముందు ఓడిపోయిన వాడికీ ఆ కొత్త కృపలో వాటా ఉంది.

ఆ యువకుడి సంగతి చెప్పలేదు కదూ! ఆమె వచ్చి వెళ్లిన మరునాడే వాళ్లింటి మెట్లెక్కాను. ‘నన్ను క్షమించు బాబూ’ అన్నాను. అతను సిగ్గుపడి, ‘నిద్రపోయిన మాట నిజమే కదా అయ్యగారూ’ అన్నాడు. రాత్రివేళ దేవుని మందిరంలో నిలబడి సేవచేసే వారిని దీవించిన 134వ కీర్తన అక్కడే కూర్చొని ఇద్దరం చదువుకున్నాం. ఒక ఒప్పందానికి వచ్చాం. అతని రోజు ముగిసే వేళకే నా రోజు మొదలవుతుంది. కాబట్టి సరిగ్గా 5 గంటలకు నేను ఫోన్ చెయ్యాలి. ముగిసిన రోజును అతను దేవునికి అప్పగిస్తాడు. కొత్త రోజును నేను ఆయన చేతినుంచి అందుకుంటాను. మూడు నిమిషాల ప్రార్థన, అంతే. తర్వాత అతను పడుకుంటాడు.

ఇప్పటికీ ఆ ఫోన్ ఆగలేదు. నాకిప్పుడు అలారం గొప్ప సమస్య కాదు. నేను లేవకపోతే ఒక మనిషి నిద్రపోకుండా ఎదురుచూస్తాడు. అందుకే రాత్రి పదింటికి మా ఇంట్లో లైటు ఆరిపోతుంది. చెయ్యాల్సిన పనులు చాలానే మిగిలి ఉంటాయి. వాటిని కునకని, నిద్రపోని దేవునికి (కీర్తన 121:4) అప్పగించి కళ్లు మూసుకుంటాను.