బావి నీరు బాగుంటేనే పాలు బాగుంటాయి

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పాల క్యాన్లతో పాటు వాటిని కడిగే నీటిని కూడా చూస్తాము. మురికి నీటితో కడిగిన క్యానులో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. శీతల కేంద్రం చేరేలోగా పాలు పులిసిపోతే నష్టం సభ్యులదే. కనుక నీటి శుభ్రత పాడి రైతుకు పరాయి విషయం కాదు.

రామంతాపూర్, ఉప్పల్ దిగువన మూసీ వెంట రైతులు ఏళ్ళ తరబడి మురుగు కలిసిన నీటితోనే పారా గడ్డి పెంచి పశువులకు మేపుతూ వచ్చారు. నగరపు మురుగును ఆపడం ఏ పాల సంఘం వల్లా అయ్యే పని కాదు. కాని మన ఊరి చెరువులోకి, బావిలోకి దిగే పేడ నీటిని ఆపడం మన చేతిలోనే ఉంది. పేడ, మూత్రాలలోని నత్రజని నేలలో నైట్రేటుగా మారి, వాన నీటితో బావిలోకి ఇంకుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. మించితే పసిపిల్లల ప్రాణానికే ముప్పు.

ఈ పని ఒక్కరి వల్ల సాగదు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999 నుంచి రైతులు, ఇక్రిశాట్, ప్రభుత్వ శాఖలు, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి చెక్‌డ్యాములు, గట్లు నిర్మించారు. మట్టి కోత తగ్గింది. బావుల్లో నీరు పెరిగింది. అమెరికాలో న్యూయార్క్ నగరానికి నీరిచ్చే కొండ ప్రాంతాల పాడి రైతులు 1993లో ఒక మండలిగా ఏర్పడ్డారు. పేడ నిల్వకు, వాగుల్లోకి పశువులు దిగకుండా కంచెలకు నగరమే డబ్బు ఇచ్చింది. ఖరీదైన వడపోత కేంద్రం కట్టడం కంటే రైతుకు సాయపడడమే చౌక అని నగరం గ్రహించింది.

మన సభ్యులు చేయదగిన పనులు ఇవి:

1. పేడ గుంత బావికి కనీసం 50 అడుగుల దూరంలో, పల్లపు వైపున ఉండాలి.

2. కొట్టంలో గచ్చు చేయించి, మూత్రాన్ని కాలువ ద్వారా గుంతలోకి మళ్ళించాలి. దీనివల్ల ఎరువు బలం కూడా పెరుగుతుంది.

3. వాగు ఒడ్డున కొంత మేర దున్నకుండా పశుగ్రాసం వేయాలి. గడ్డి వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, మేతా దొరుకుతుంది.

4. పశువులను చెరువులోకి దించక, తొట్టిలో నీరు పెట్టాలి.

5. వానలకు ముందు, తరువాత బావి నీటిని పరీక్ష చేయించాలి.

చెరువు బాగోగులు పంచాయతీవి; ఇంటింటి పశువుల లెక్క సంఘానికి తెలుసు. ఇద్దరూ కలిస్తేనే పని జరుగుతుంది. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ అంశాన్ని చర్చకు పెట్టి, సర్పంచ్‌ను, పశువైద్యుని, వ్యవసాయ అధికారిని ఆహ్వానించవలసిందిగా అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము.