పల్లమే శిఖరమైన దల్మా

టాటానగర్ రైల్వే స్టేషన్‌కు చేరువలో, ఖర్కాయి నది వైపు ఇళ్లు పరచుకుని ఉన్న బాగ్‌బేరా నుంచి ఉత్తరానికి బయలుదేరి, జంషెడ్‌పూర్ నగరాన్నీ సువర్ణరేఖ నదినీ దాటితే ఎదురయ్యే దల్మా కొండల వరుస, భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో ఒక ప్రాచీన అగ్నిపర్వత పట్టీ. అగ్నిపర్వతం అనగానే మనసులో మెదిలే శంఖువు ఆకారపు శిఖరం గానీ, దాని నెత్తిన గిన్నెలా లోతైన బిలం గానీ అక్కడ కనిపించవు. ఆ బిలం కోసం వెతుకుతూ ఎక్కినవారు నిరాశతో దిగివస్తారు. అది ఎందుకు లేదో తెలిసి ఎక్కితేనే దల్మా యాత్రకు అర్థం ఏర్పడుతుంది.

అగ్నిపర్వతాలను సాధారణంగా మూడు తెగలుగా చెబుతారు. అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఇప్పటికీ లావాను, బూడిదను చిమ్ముతున్నది కనుక అది క్రియాశీలం. చిరకాలం మౌనంగా ఉన్నా మళ్లీ రగిలే అవకాశం ఉన్నవి నిద్రాణాలు. భూమి లోపల కరిగి ఉన్న రాయి, అంటే శిలాద్రవం, పైకి వచ్చే దారి శాశ్వతంగా మూసుకుపోయినవి విలుప్తాలు. దల్మా ఈ మూడో తెగకు చెందినదే అయినా, దాని వయసు తెలుగు పాఠకులకు పరిచయమున్న లావా నేలల వయసుతో పోల్చదగింది కాదు. వికారాబాద్ అనంతగిరి కొండల్లోనూ, గోదావరికి రెండు దరులా కాటేరు, పంగిడి ప్రాంతాల్లోనూ కనిపించే నల్లరాయి దక్కన్ లావా ప్రవాహాలది. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. అనంతపురం జిల్లా వజ్రకరూరు వద్ద భూగర్భం నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ గొట్టాలు సుమారు 110 కోట్ల ఏళ్లవి. దల్మా పట్టీలోని శిలలకు రేడియోధార్మిక మూలకాల క్షయాన్ని బట్టి కట్టిన వయసులు దాదాపు 160 కోట్ల ఏళ్ల పరిసరాల్లో ఉన్నాయి. అప్పటికి నేల మీద గడ్డిపోచ లేదు, నీటిలో చేప లేదు.

ఆ లావాలో కొంత భాగం నీటి అడుగున పొంగిందని చెప్పడానికి ఆధారం రాతి ఆకారంలోనే దొరుకుతుంది. నిప్పులా కాగుతున్న లావా నీటిని తాకగానే పైపొర గడ్డకట్టి తోలులా బిగుసుకుంటుంది, లోపలి ద్రవం మాత్రం ఒత్తిడితో ఆ తోలును చీల్చుకుని పక్కకు మరో ముద్దగా ఉబుకుతుంది, ఆ ముద్ద కూడా అదే విధంగా గడ్డకట్టి మళ్లీ చీలుతుంది. ఇట్లా దిండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఏర్పడిన రాతిని దిండు లావా అంటారు. ప్రతి దిండు పైభాగం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, అడుగుభాగం కింది రెండు దిండ్ల మధ్య సందులోకి తోకలా దిగి ఉంటుంది కనుక, పొరలు తర్వాతి కాలంలో ఎంతగా తలకిందులైనా ఒకప్పుడు వాటి పైవైపు ఏదో శాస్త్రజ్ఞులు గుర్తించగలుగుతారు. కోట్ల ఏళ్ల తర్వాత కూడా రాయి తన తలనూ తోకనూ మరవకపోవడం కన్నా ఆశ్చర్యమైన సంగతి భూగర్భ శాస్త్రంలో అరుదు. దల్మా ఉన్న ఉత్తర సింగ్‌భూమ్ శిలలను విస్తారంగా పరిశీలించిన జె.ఎ. డన్ 1929లోనూ, ఆయనే ఎ.కె. డేతో కలిసి 1942లోనూ వెలువరించిన భారత భూగర్భ సర్వేక్షణ గ్రంథాలు ఈ ప్రాంత అధ్యయనానికి పునాదులయ్యాయి. భూమి పైపెంకు సాగి చీలడం వల్ల ఈ లావా వచ్చిందా, లేక ఆ పైపెంకులోని ఒక ఫలకం మరొక దాని కిందకు జారడం వల్ల వచ్చిందా అనే విషయంలో పండితుల మధ్య చర్చ నేటికీ సాగుతున్నది.

బిలం లేకపోవడానికి కారణం ఆ తర్వాతి చరిత్రలో ఉంది. లావా చల్లారిన పిమ్మట రెండు వైపుల నుంచి పడిన ఒత్తిడికి, కింద ఉన్న అవక్షేపాలతో సహా ఆ పొరలన్నీ తడిబట్టలా మడతపడ్డాయి. మడతలో దోనెలా లోపలికి వంగిన భాగాన్ని అభినతి అంటారు. దల్మా లావా అటువంటి అభినతి నడిమధ్యన, దోనె అడుగున ఉన్న పదార్థం. అయితే చుట్టూ ఉన్న రాతి పొరలు మెత్తని బంకమన్ను నుంచి పుట్టిన పలకరాళ్లు, అభ్రకపు రాళ్లు కావడం వల్ల వానకూ ఏటి కోతకూ అవి త్వరగా అరిగిపోయాయి, గట్టిదైన లావా మాత్రం నిలిచింది. ఆ విధంగా నిర్మాణంలో పల్లంగా ఉన్నదే ఆకృతిలో కొండ అయింది. దల్మా శిఖరం మీద నిలబడిన యాత్రికుడు వాస్తవానికి ఒక దోనె గర్భంలో నిలబడి ఉంటాడు. అసలు లావాను కక్కిన నోళ్లను కాలం ఏనాడో కోసుకుపోయింది.

రాయి రంగు కూడా ఆ ఒత్తిడి కథలో భాగమే. భూమి లోతుల్లోని వేడికీ ఒత్తిడికీ రాయి కరగకుండానే తన ఖనిజాలను మార్చుకోవడాన్ని రూపాంతరం అంటారు. లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లని బసాల్టు రాయి ఈ మార్పుకు లోనై క్లోరైట్, ఆక్టినోలైట్, ఎపిడోట్ అనే ఆకుపచ్చ ఖనిజాలను సంతరించుకుంది. అందుకే తాజాగా విరిగిన దల్మా లావా ముక్క నల్లగా కాక పాచిరంగులో కనిపిస్తుంది, దిగువన కనిపించే అభ్రకపు రాయి ఎండలో తళుక్కుమంటుంది.

బాగ్‌బేరా నుంచి వెళ్లేవారు మాంగో వంతెన మీదుగా సువర్ణరేఖను దాటి, రాంచీ వైపు జాతీయ రహదారి పట్టి, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని మాకులాకోచా అటవీ ద్వారం చేరుకుంటారు. ఊరికి ఇంత దగ్గరగా ఉన్నా, ద్వారం దాటిన తర్వాత వచ్చే నిర్జనత నిజమైనది. ఎందుకంటే దల్మా సుమారు 193 చదరపు కిలోమీటర్ల వన్యప్రాణి అభయారణ్యం, అందునా ఏనుగుల నెలవు. సాలవృక్షాల నడుమ మెలికలు తిరుగుతూ సాగే దారి 900 మీటర్లకు పైబడిన శిఖరం వరకూ, అక్కడి శివాలయం, హనుమంతుని గుడి వరకూ తీసుకువెళుతుంది. దారి పొడవునా బాంధ్‌లని పిలిచే నీటి మడుగులు ఉంటాయి. వేసవిలో ఏనుగుల గుంపులు వాటి మీదే ఆధారపడతాయి, వరి పంట కాలంలో పశ్చిమ బెంగాల్ జిల్లాల వైపు తరలిపోతాయి. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ ఎక్కడం శ్రేయస్కరం. ఏ కాలంలోనైనా అటవీ సిబ్బంది అనుమతితో, పగటిపూట, గుంపుగానే వెళ్లాలి.

ఈ కొండకు శాస్త్రజ్ఞులకన్నా చాలా ముందునుంచి ఎరుకైనవారు ఉన్నారు. సంతాలీ, హో భాషల్లో బురు అంటే కొండ. దల్మా బురు ఆదివాసులకు ఆరాధ్య స్థలం, ఏటా వేసవిలో సెంద్రా అనే సంప్రదాయ వేట వేడుకకు వారు ఇక్కడికి చేరుకుంటారు. అభయారణ్య నియమాలకూ ఈ ఆచారానికీ మధ్య ఏటా తలెత్తే ఉద్రిక్తతను బలప్రయోగంతో కాక సంభాషణతో పరిష్కరించుకోవడమే న్యాయం. యాత్రికుడు అక్కడ అతిథి మాత్రమేనన్న సంగతి మరువరాదు.

రైలు పనికీ ఉక్కు కర్మాగారానికీ తరాల కిందట తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో అనేకం. ఆ కుటుంబాల పిల్లలు సెలవుల్లో దల్మా ఎక్కినప్పుడు ఒక్క పచ్చరాతి ముక్కనైనా చేతిలోకి తీసుకుని చూసి, తిరిగి అక్కడే పెట్టి రావాలి. కర్ణాటకలోని మరడిహళ్లి, ఒడిశాలోని నోమిరా దిండు లావాలను జాతీయ భూగర్భ స్మారకాలుగా ప్రకటించిన భారత భూగర్భ సర్వేక్షణ, దల్మా లావాకు కూడా ఆ గౌరవం కల్పించాలి. దాని చరిత్రను స్థానిక భాషల్లో వివరించే ఫలకాలను మాకులాకోచా దారిలో నిలపాలి.