తెరచాప దించి డీజిల్ బోటెక్కే ముందు

తెరచాపకి గాలి ఊరికే దొరికేది, డీజిల్‌ని కొనాలి. మన ఉత్తరాంధ్ర తీరంలో పాత డీజిల్ బోటు కొందామనుకునే తమ్ముళ్ళు బేరం కన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలి. గాలి పడిపోయినా ఒడ్డుకి రావొచ్చు, తుఫాను కబురొస్తే తొందరగా తిరగొచ్చు, నిజమే. కానీ నీళ్ళను తోసుకుంటూ పోయే బోటు వేగానికి దాని పొడవే హద్దు. నీటిమట్టం దగ్గర 25 అడుగులుంటే గంటకి సుమారు 12 కిలోమీటర్లు. ఆపైన ఎంత రేజ్ చేసినా డీజిల్ తగలడుద్దేగానీ వేగం పెద్దగా పెరగదు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరెళ్ళేసరికే వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. నీలంపొగ ఆగకుండా వస్తోందా, ఇంజనాయిలు మండిపోతోందన్నమాట. ఆయిలు పాలలాగా తెల్లబడితే లోపలికి నీళ్ళు దిగినట్టు. అలాంటి బోటు జోలికి పోవద్దు.

ఇంకోటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఇంజను బోట్లకే, ఇంజను లేని పడవలకి లేదు. అంటే కొన్న అప్పుకి ఆ రెండు నెలలూ వడ్డీ నడుస్తుంది, బోటు నడవదు. రిజిస్ట్రేషన్ మీ పేరున లేకపోతే డీజిల్ సబ్సిడీ కూడా మీ చేతికి రాదు. అందుకే అమ్మేవోడిని వెంటబెట్టుకుని మత్స్యశాఖ ఆఫీసుకెళ్ళండి, పేరు మారాకే మిగతా డబ్బులియ్యండి.